కలిసిన వైఫై, కలవని ఇంటర్నెట్

ల్యాప్‌టాప్ తెర కింది మూలన వైఫై కలిసినట్టు చూపిస్తూనే ఆ పక్కన 'ఇంటర్నెట్ లేదు' అన్న మాట కనిపించడం, ఎంతసేపు ఎదురుచూసినా ఒక్క పేజీ కూడా తెరుచుకోకపోవడం ఇప్పుడు దాదాపు ప్రతి ఇంటికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే చిక్కు. ఇందులో వాడుకరిని అయోమయంలో పడేసేది సిగ్నల్ గుర్తే. గీతలన్నీ నిండుగా ఉన్నాయి కదా, మరి లోపం ఎక్కడ ఉన్నట్టు అన్న ప్రశ్న సహజంగా వస్తుంది. ఆ గీతలు చెప్పేది ల్యాప్‌టాప్‌కూ, హాల్లోనో పక్క గదిలోనో ఉన్న రౌటర్‌కూ మధ్య ఉన్న కొద్ది మీటర్ల గురించి మాత్రమేనని, రౌటర్ దాటాక ఏం జరుగుతోందో వాటికి తెలియదని గ్రహిస్తే సగం చిక్కు విడిపోతుంది. మిగిలిన సగం ఒక వరుసలో, ఓపికగా వెతకడం మీద ఆధారపడి ఉంటుంది. ఆ వరుసను వదిలేసి చేతికి అందిన ప్రతి మీటా నొక్కడం వల్లనే చిన్న లోపాలు పెద్దవవుతుంటాయి.

విశాఖపట్నం నౌకాశ్రయ ముఖద్వారం పక్కన సముద్రంలోకి చొచ్చుకొని ఉన్న డాల్ఫిన్స్ నోస్ కొండకు అవతల, మూడు వైపులా కొండలు, నాలుగో వైపు బంగాళాఖాతం హద్దులుగా ఉన్న యారాడ వంటి ఊరికి ఈ విషయం మరింత ముఖ్యం. కొండ మీద 1957 నుంచి వెలుగుతున్న లైట్‌హౌస్ కాంతి సముద్రం మీద చాలా దూరం పోతుంది గానీ కొండను చీల్చుకొని రాలేదు. కాంతి, రేడియో తరంగాలు ఒకే జాతికి చెందినవి కాబట్టి కొండ అడ్డం వస్తే సెల్ సిగ్నల్‌కూ అదే ఇబ్బంది. తీగ రావాలన్నా కొండ దాటే రావాలి, బాగుచేసే మనిషి రావాలన్నా సింధియా వైపు నుంచి ఘాట్ రోడ్డు ఎక్కి దిగాలి. అలాంటి చోట లోపం తన ల్యాప్‌టాప్‌లో ఉందా, ఇంట్లోని రౌటర్‌లో ఉందా, లేక బయటి తీగలో ఉందా అన్నది ఇంటివారే తేల్చుకోగలిగితే ఒక పూట పని ఐదు నిమిషాల్లో ముగుస్తుంది. యారాడలో ఒకరు ఇంటి గుమ్మం నుంచి బస్సు దాకా చేరడం వేరు, ఆ బస్సు ఘాట్ దాటి నగరంలోకి చేరడం వేరు. వైఫై కలవడం మొదటిది, ఇంటర్నెట్ రావడం రెండోది.

వెతుకులాటలో తొలి ప్రశ్న ఒక్కటే: ఇంటర్నెట్ ఈ ల్యాప్‌టాప్‌కు మాత్రమే రావడం లేదా, ఆ ఇంట్లో ఎవరికీ రావడం లేదా? దీన్ని తేల్చడానికి చాలామంది ఫోన్ తీసి చూస్తారు. ఫోన్‌లో వీడియో ఆడుతోంది కాబట్టి రౌటర్ బాగానే ఉందనే నిర్ణయానికి వస్తారు. ఇక్కడే ఒక మోసం ఉంది. వైఫైలో ఇంటర్నెట్ లేదని గమనించిన ఫోన్ చాలా సందర్భాల్లో తనంతట తానే సిమ్ కార్డు డేటాకు మారిపోతుంది, పైన వైఫై గుర్తు మాత్రం అలాగే ఉంటుంది. అందువల్ల ముందు మొబైల్ డేటాను ఆపి, ఆ తర్వాతే ఫోన్‌లో ఏదైనా పేజీ తెరిచి చూడాలి. ఇదే పరీక్షను రెండో వైపు నుంచి కూడా చేయవచ్చు: ఫోన్‌లో మొబైల్ డేటాను మళ్లీ ఆన్ చేసి, హాట్‌స్పాట్ పెట్టి ల్యాప్‌టాప్‌ను దానికి కలిపి చూడటం. హాట్‌స్పాట్‌తోనూ పేజీలు తెరుచుకోకపోతే లోపం ల్యాప్‌టాప్‌లో ఉన్నట్టు. తెరుచుకుంటే ల్యాప్‌టాప్ చాలావరకు నిర్దోషి. ఈ రెండు పరీక్షలకు ఏ సాంకేతిక పరిజ్ఞానమూ అక్కర్లేదు, అయినా ఈ రెండూ చేయకుండానే ఎన్నో ల్యాప్‌టాప్‌లు రిపేరు దుకాణాలకు వెళ్తుంటాయి.

లోపం ల్యాప్‌టాప్‌ వైపే ఉందని తేలితే తర్వాత చూడవలసినది దాని చిరునామా. వైఫై పాస్‌వర్డ్ సరిపోయి రేడియో బంధం ఏర్పడినంత మాత్రాన ల్యాప్‌టాప్ మాట్లాడలేదు. ఆ నెట్‌వర్క్‌లో తనకంటూ ఒక సంఖ్య, అంటే ఐపీ చిరునామా ఉండాలి. ఆ సంఖ్యను అడిగి పుచ్చుకునే పద్ధతిని డీహెచ్‌సీపీ అంటారు. దీని ప్రస్తుత ప్రమాణం 1997లో వెలువడింది. ల్యాప్‌టాప్ 'ఇక్కడ చిరునామాలు ఇచ్చేవారు ఎవరైనా ఉన్నారా' అని అందరికీ వినబడేలా అడుగుతుంది, రౌటర్ ఒక సంఖ్యను చూపుతుంది, ల్యాప్‌టాప్ దాన్ని కోరుతుంది, రౌటర్ ఖాయం చేస్తుంది. ఈ నాలుగు మాటలతో పాటే మరో రెండు ముఖ్యమైన వివరాలు కూడా అందుతాయి: బయటి లోకానికి పోవలసిన సమాచారాన్ని ఎవరికి అప్పగించాలన్నది ఒకటి, వెబ్‌సైట్ల పేర్లను సంఖ్యలుగా మార్చి చెప్పమని ఎవరిని అడగాలన్నది రెండోది. మొదటిదాన్ని గేట్‌వే అనీ, రెండోదాన్ని డీఎన్ఎస్ సర్వర్ అనీ అంటారు.

విండోస్ ల్యాప్‌టాప్‌లో స్టార్ట్ మెనూలో సీఎండీ అని టైపు చేస్తే నల్లని కమాండ్ ప్రాంప్ట్ కిటికీ తెరుచుకుంటుంది. అందులో ఐపీకాన్ఫిగ్ /ఆల్ అన్న ఆదేశాన్ని ఆంగ్ల అక్షరాలలో ఇస్తే ఒక పొడవాటి పట్టిక వస్తుంది. చూడగానే బెదిరించేలా ఉండే ఆ పట్టికలో వైర్‌లెస్ ల్యాన్ అన్న శీర్షిక కింద మూడు వరుసలు చూస్తే చాలు: ఐపీవీ4 చిరునామా, డిఫాల్ట్ గేట్‌వే, డీఎన్ఎస్ సర్వర్లు. ఇళ్లలోని రౌటర్లు ఇచ్చే చిరునామా సాధారణంగా 192.168 తో మొదలవుతుంది, కొన్నిచోట్ల 10 తో మొదలవుతుంది. ఇవి ఇంటి లోపలి వాడకానికి ప్రత్యేకించి కేటాయించిన సంఖ్యలు. అలా కాక 169.254 తో మొదలయ్యే చిరునామా కనిపిస్తే మాత్రం, ల్యాప్‌టాప్ అడిగిన ప్రశ్నకు ఎవరూ జవాబు ఇవ్వలేదని, దిక్కులేక తనకు తానే ఒక సంఖ్యను పెట్టుకుందని అర్థం. గేట్‌వే వరుస అప్పుడు ఖాళీగా ఉంటుంది. వైఫై గీతలు నిండుగా ఉన్నా ల్యాప్‌టాప్‌కు బయటికి పోయే దారి తెలియని స్థితి ఇదే. ఐపీకాన్ఫిగ్ /రిలీజ్, ఆ వెంటనే ఐపీకాన్ఫిగ్ /రెన్యూ అన్న రెండు ఆదేశాలతో చిరునామాను వదిలి మళ్లీ అడిగించవచ్చు. చాలాసార్లు రౌటర్‌ను ఒకసారి ఆపి మళ్లీ వేయడంతోనే ఇది సర్దుకుంటుంది.

ఎప్పుడో కార్యాలయంలోనో కాలేజీలోనో ఎవరో ల్యాప్‌టాప్‌లో చిరునామాను చేతితో నమోదు చేసి ఉంటే అది ఇంకో చిక్కు. ఆ సంఖ్య ఆ ఒక్క నెట్‌వర్క్‌కే పనికొస్తుంది. ఇంటికి వచ్చాక వైఫై కలుస్తుంది గానీ మాట బయటికి పోదు. నెట్‌వర్క్ సెట్టింగులలో చిరునామా 'ఆటోమేటిక్'గా ఉందో లేదో చూసి మార్చితే సరి. కొన్ని కాలేజీలు, కార్యాలయాలు ప్రతి యంత్రపు వైఫై కార్డుకు తయారీలోనే వచ్చే మ్యాక్ సంఖ్యను నమోదు చేసుకొని, ఆ సంఖ్యలు ఉన్నవాటినే బయటికి వదులుతాయి. గోప్యత కోసం ఈ సంఖ్యను మార్చి మార్చి చూపే సదుపాయం విండోస్ 10 నుంచి ఉంది. అది ఆన్‌లో ఉంటే నమోదైన ల్యాప్‌టాప్ కూడా ఆ నెట్‌వర్క్‌కు కొత్త మనిషిలాగే కనిపిస్తుంది.

చిరునామా సరిగానే ఉన్నా గేట్‌వే తప్పుగా ఉండే సందర్భం ఒకటి ఈ మధ్య ఇళ్లలో బాగా పెరిగింది, దాన్ని కాస్త విడమరిచి చెప్పడం అవసరం. పెద్ద ఇంట్లో వైఫై అందని గదుల కోసం పాత రౌటర్‌ను తెచ్చి, కొత్త రౌటర్ నుంచి ఒక తీగ లాగి దానికి కలుపుతారు. పాత రౌటర్‌లో చిరునామాలు ఇచ్చే పనిని ఆపకుండా, తీగను దాని ల్యాన్ రంధ్రంలో పెడితే ఇప్పుడు ఒకే ఇంట్లో చిరునామాలు పంచేవారు ఇద్దరవుతారు. ల్యాప్‌టాప్ అడిగినప్పుడు ఎవరు ముందు పలికితే వారి మాటే చెల్లుతుంది. కొత్త రౌటర్ ముందు పలికితే అంతా సవ్యంగా సాగుతుంది. పాతది ముందు పలికితే అది తననే గేట్‌వేగా చెప్పుకుంటుంది, దానికి మాత్రం బయటి తీగ లేదు. అందుకే ఆ ఇంట్లో ఒకరి ఫోన్ పనిచేస్తూ, మరొకరి ల్యాప్‌టాప్ పనిచేయకుండా, మరునాటికి అది తారుమారై ఇంటిల్లిపాదినీ తికమక పెడుతుంది. పనిచేస్తున్న ఫోన్‌లో ఆ వైఫై వివరాలు తెరిచి గేట్‌వే సంఖ్య చూసి, ల్యాప్‌టాప్‌లోని సంఖ్యతో పోల్చితే గుట్టు బయటపడుతుంది.

గేట్‌వే సరైనదని తేలాక దారి ఎంతవరకు తెరిచి ఉందో తెలుసుకోవడానికి పింగ్ అన్న చిన్న ప్రోగ్రాం ఉంది. అమెరికా సైనిక పరిశోధనాశాలలో పనిచేసిన మైక్ మూస్ 1983 డిసెంబరులో దీన్ని రాశాడు. విశాఖ ఆర్.కె. బీచ్‌లో ఇప్పుడు మ్యూజియంగా ఉన్న ఐఎన్ఎస్ కురుసుర వంటి జలాంతర్గాములు నీటిలో శబ్దాన్ని పంపి, అది తిరిగి వచ్చే ప్రతిధ్వనిని బట్టి ఎదుటి వస్తువును కనిపెట్టే సోనార్ పద్ధతే మూస్‌కు ఈ ఆలోచన ఇచ్చింది. కమాండ్ ప్రాంప్ట్‌లో పింగ్ అని రాసి, ఒక ఖాళీ వదిలి, గేట్‌వే సంఖ్య ఇస్తే రౌటర్ నుంచి జవాబు వస్తుందా లేదా, వస్తే ఎన్ని మిల్లీసెకన్లలో వస్తుంది అన్నది తెరపై కనిపిస్తుంది. ఆ తర్వాత అదే విధంగా 8.8.8.8 కు గానీ 1.1.1.1 కు గానీ పింగ్ ఇవ్వాలి. మొదటిది గూగుల్, రెండోది క్లౌడ్‌ఫ్లేర్ ప్రజల కోసం నడుపుతున్న సర్వర్ల చిరునామాలు. రౌటరే పలకకపోతే లోపం ఇంటి గోడల లోపలే ఉంది. రౌటర్ పలికి 8.8.8.8 పలకకపోతే రౌటర్ దాటాక దారి తెగింది. రెండూ పలికినా వెబ్‌సైట్లు తెరుచుకోకపోతే తీగలన్నీ క్షేమంగానే ఉన్నాయి, చాలావరకు పేర్లు మాత్రం దొరకడం లేదన్నమాట.

పేర్లు దొరకకపోవడం అంటే డీఎన్ఎస్ వ్యవస్థలో చిక్కు. యంత్రాలు ఒకదాన్నొకటి సంఖ్యలతోనే గుర్తుపడతాయి, మనుషులు పేర్లతో గుర్తుంచుకుంటారు. ఈ రెంటినీ కలిపే వ్యవస్థను 1983లో పాల్ మొకపెట్రిస్ రూపొందించాడు. అంతకుముందు నెట్‌వర్క్‌లో ఉన్న యంత్రాల పేర్లన్నీ ఒకే ఫైలులో ఉండేవి, ఆ ఫైలును అందరూ ఒకే చోటి నుంచి తెచ్చుకునేవారు. ఇప్పుడు ఇంటర్నెట్ సంస్థ నడిపే డీఎన్ఎస్ సర్వర్ కాసేపు మొరాయిస్తే ఆ సంస్థ వినియోగదారులందరికీ ఇంటర్నెట్ ఉన్నా లేనట్టే అవుతుంది. ల్యాప్‌టాప్‌లో ఆ వరుసలో 8.8.8.8 లేదా 1.1.1.1 నమోదు చేస్తే అప్పటికప్పుడు గట్టెక్కవచ్చు. పాత జవాబులను ల్యాప్‌టాప్ దాచుకొని వాటినే పట్టుకు వేలాడుతుంటే ఐపీకాన్ఫిగ్ /ఫ్లష్‌డీఎన్ఎస్ అన్న ఆదేశం వాటిని తుడిచివేస్తుంది. వాట్సాప్ సందేశాలు వస్తూనే ఉండి బ్రౌజర్‌లో మాత్రం ఏ పేజీ తెరుచుకోకపోతే ముందుగా అనుమానించవలసినది దీన్నే.

లోపం ఏదీ లేకుండానే ఇంటర్నెట్ రాని సందర్భం కూడా ఉంది, దానికి విశాఖపట్నం రైల్వే స్టేషన్ మంచి ఉదాహరణ. రైల్వేకు చెందిన రైల్‌టెల్ సంస్థ, గూగుల్ కలిసి 2016 జనవరిలో ముంబై సెంట్రల్‌లో ప్రారంభించిన ఉచిత వైఫై అదే సంవత్సరం ఏప్రిల్‌లో మరికొన్ని స్టేషన్లకు విస్తరించినప్పుడు ఆ జాబితాలో విశాఖపట్నం, విజయవాడ, కాచిగూడ ఉన్నాయి. 2020లో గూగుల్ తప్పుకున్నా రైల్‌టెల్ ఆ సేవను కొనసాగించింది. అక్కడ పాస్‌వర్డ్ లేకుండానే వైఫై కలుస్తుంది, చిరునామా కూడా వస్తుంది. కానీ ఫోన్ నంబరు ఇచ్చి, దానికి వచ్చిన ఓటీపీని నమోదు చేసేవరకు గేటు తెరుచుకోదు. ఆ నమోదు పేజీ బ్రౌజర్‌లో దానంతట అదే రావాలి. వాడుకరి తెరవబోయిన పేజీ స్థానంలో ఈ పేజీని చూపించడం దాని పద్ధతి. అయితే ఇప్పటి వెబ్‌సైట్లు దాదాపుగా అన్నీ హెచ్‌టీటీపీఎస్ అన్న భద్రత గల పద్ధతిలో ఉన్నందున, మధ్యలో ఎవరో మరో పేజీని చూపించడాన్ని బ్రౌజర్ దాడిగా భావించి అడ్డుకుంటుంది. ఫలితంగా నమోదు పేజీ రాదు, ఇంటర్నెట్ కూడా రాదు. బ్రౌజర్ చిరునామా పట్టీలో గేట్‌వే సంఖ్యను నేరుగా టైపు చేయడం, వైఫైని ఒకసారి తెంచి కలపడం, ల్యాప్‌టాప్‌లో వీపీఎన్ ఉంటే ఆపడం అన్నవి ఇక్కడ పనికొస్తాయి. యారాడ తీరానికి వచ్చే పర్యాటకులకు హోటళ్లలో, విమానాశ్రయాలలో ఎదురయ్యేది కూడా ఇదే ఏర్పాటు.

ల్యాప్‌టాప్ తనకు ఇంటర్నెట్ లేదని ఎలా నిర్ణయించుకుంటుందో తెలిస్తే ఆ హెచ్చరికను ఎంతవరకు నమ్మాలో కూడా తెలుస్తుంది. వైఫై కలిసిన ప్రతిసారీ విండోస్ నేపథ్యంలో మైక్రోసాఫ్ట్ సర్వర్ నుంచి ఒక చిన్న ఫైలు తెచ్చుకోవడానికి ప్రయత్నిస్తుంది. అందులో 'మైక్రోసాఫ్ట్ కనెక్ట్ టెస్ట్' అన్న మూడు మాటలు తప్ప మరేమీ ఉండవు. ఆ మూడు మాటలు చెక్కుచెదరకుండా వస్తే ఇంటర్నెట్ ఉన్నట్టు. వాటి బదులు వేరే పేజీ వస్తే మధ్యలో నమోదు గేటు ఉన్నట్టు. ఏదీ రాకపోతే ఇంటర్నెట్ లేనట్టు. ఆండ్రాయిడ్, ఆపిల్ పరికరాలు తమ తమ సర్వర్లతో ఇలాంటి పరీక్షే చేస్తాయి. కాబట్టి యాంటీవైరస్‌లోని ఫైర్‌వాలో, కార్యాలయం వారు పెట్టిన ప్రాక్సీయో ఆ ఒక్క ఫైలును అడ్డుకుంటే పేజీలన్నీ చక్కగా తెరుచుకుంటున్నా 'ఇంటర్నెట్ లేదు' అన్న మాట అలాగే ఉండిపోతుంది. హెచ్చరికను చూసి కాక, నాలుగు వేర్వేరు సైట్లు తెరిచి చూసి నిర్ణయానికి రావడం మేలు.

ప్రాక్సీ అంటే ల్యాప్‌టాప్ తరఫున పేజీలు తెచ్చిపెట్టే మధ్యవర్తి యంత్రం. కార్యాలయంలో దాన్ని సెట్టింగులలో పెట్టుకొని ఇంటికి వస్తే, ఇంట్లో ఆ మధ్యవర్తి ఉండదు కాబట్టి బ్రౌజర్ లేని మనిషి కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది. కొన్ని హానికర ప్రోగ్రాంలు కూడా గుట్టుగా ప్రాక్సీని పెట్టిపోతాయి. వీపీఎన్ ప్రోగ్రాంలలో 'కిల్ స్విచ్' అన్న సదుపాయం ఉంటుంది. వీపీఎన్ తెగినప్పుడు సమాచారం బయటపడకుండా మొత్తం ఇంటర్నెట్‌నే అది ఆపివేస్తుంది. గడువు తీరిన యాంటీవైరస్‌ను తీసివేసినా దాని ఫైర్‌వాల్ ముక్కలు మిగిలిపోయి దారికి అడ్డం పడటం కూడా కద్దు. పింగ్‌కు జవాబులు వస్తూ, డీఎన్ఎస్ కూడా పలుకుతూ బ్రౌజర్ మాత్రం మూగబోతే ఈ మూడింటినీ ఒక్కొక్కటిగా ఆపి చూడాలి.

గడియారం సంగతి విన్నవారు నమ్మరు గానీ ఇదీ తరచుగా జరిగేదే. కొన్ని నెలలు మూలన పడేసిన ల్యాప్‌టాప్‌లో తేదీని కాపాడే చిన్న నాణెం బ్యాటరీ చచ్చిపోతే, యంత్రం తెరిచేసరికి అది ఎన్నో ఏళ్ల వెనకటి తేదీని చూపుతుంది. భద్రత గల ప్రతి వెబ్‌సైటూ తానే అసలైనదని చెప్పుకునే ధ్రువపత్రాన్ని చూపుతుంది, ఆ పత్రానికి ప్రారంభ తేదీ, గడువు తేదీ ఉంటాయి. ల్యాప్‌టాప్ దృష్టిలో ఆ ప్రారంభ తేదీ ఇంకా రాలేదు కాబట్టి ఒక్కొక్క సైటునూ అది తిరస్కరిస్తూ పోతుంది. తేదీ, కాలమానం సరిచేయగానే ఇంటర్నెట్ తిరిగి వస్తుంది.

ఇంట్లో ఏ పరికరానికీ ఇంటర్నెట్ లేదని తేలితే ల్యాప్‌టాప్‌ను వదిలి గోడ వైపు చూడాలి. ఫైబర్ కనెక్షన్ ఉన్న ఇళ్లలో గోడకు బిగించే పెట్టెను ఓఎన్‌టీ అంటారు. దాని మీది పాన్ అన్న దీపం ఆకుపచ్చగా నిలకడగా వెలుగుతూ ఉండాలి, లాస్ అన్న దీపం ఆరిపోయి ఉండాలి. లాస్ ఎర్రగా మినుకుతోందంటే అవతలి నుంచి కాంతి రావడం లేదని అర్థం. జీపాన్ అన్న పద్ధతిలో వెంట్రుక మందపు గాజు పోగు గుండా 1490 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల కాంతి ఇంటికి వస్తుంది, 1310 నానోమీటర్ల కాంతి ఇంటి నుంచి పోతుంది. ఒకే పోగును విద్యుత్ అక్కర్లేని స్ప్లిటర్లతో 32, 64 ఇళ్లకు పంచుతారు. ఈ కాంతి కంటికి కనిపించదు కాబట్టి ఊడిపోయిన తీగ కొసను కంటి దగ్గర పెట్టుకొని చూడటం ప్రమాదకరం. పోగు మరీ వంగినా, గోడ మూలన బల్ల కింద నలిగినా కాంతి కారిపోతుంది. తీగ వంపును సడలించి, పచ్చ రంగు కొస గట్టిగా బిగిసిందో లేదో చూడటం వరకే ఇంటివారి పని, ఆ పైన అతికే యంత్రం గల మనిషి రావలసిందే. సముద్రపు ఉప్పు గాలి తగిలే ఊళ్లలో ఆరుబయట ఉన్న లోహపు కొసలు తుప్పు పట్టి బంధం వదులు కావడం మరో బాధ.

కరెంటు పోయినప్పటి చిక్కు వేరు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే రౌటర్ వెలుగుతూనే ఉంటుంది, వైఫై గీతలు నిండుగానే కనిపిస్తాయి. వీధిలోని కేబుల్ ఆపరేటర్ స్విచ్ పెట్టెకు బ్యాటరీ లేకపోతే అది ఆగిపోతుంది, ఆ వీధి మొత్తానికి ఇంటర్నెట్ పోతుంది. అటువంటప్పుడు ల్యాప్‌టాప్‌లో ఏ సెట్టింగు మార్చినా ప్రయోజనం ఉండదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటి, గంటకు 170 నుంచి 180 కిలోమీటర్ల వేగంతో వీచిన గాలులు చెట్లను, విద్యుత్ స్తంభాలను, టవర్లను కూల్చినప్పుడు ఈ రెండు రకాల తెగుదలలూ ఒకేసారి సంభవించాయి. కరెంటు, ఫోన్లు లేక నగరం రోజుల తరబడి అల్లాడింది. ఆ అనుభవం తర్వాతే ప్రపంచ బ్యాంకు సహాయంతో నగరంలో విద్యుత్ తీగలను భూగర్భంలోకి మార్చే పని మొదలైంది. ఇందుకు భిన్నంగా, ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ తన గాజు పోగులను ఎక్కువగా విద్యుత్ స్తంభాల మీదుగానే లాగింది. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ జాతికి అంకితం చేసిన ఈ పథకం నెలకు 149 రూపాయల ప్రారంభ ధరకు ఇంటర్నెట్, టీవీ, ఫోన్ మూడూ ఇస్తామని చెప్పింది. భూమి తవ్వే ఖర్చు తప్పడం వల్లనే అంత చౌకగా, అంత త్వరగా పల్లెలకు చేరడం సాధ్యమైంది. స్తంభం పడితే పోగు కూడా పడటం దానికి చెల్లించిన మూల్యం. తీరప్రాంతం విషయంలో ఈ బేరాన్ని మరోసారి తూచి చూడటం న్యాయం.

ఆ డిసెంబరులోనే గూగుల్ మాతృసంస్థ ఆల్ఫాబెట్‌కు చెందిన ఎక్స్ ప్రయోగశాల, తీగలు లాగడం కష్టమైన చోట్ల ఒక ఎత్తు నుంచి మరో ఎత్తుకు కాంతి కిరణంతో సమాచారం పంపే రెండు వేల బంధాలను ఆంధ్రప్రదేశ్‌లో ఏర్పాటు చేస్తామని ప్రకటించింది. కొండ అవతలి ఊళ్లకు ఈ ఊహ ఎంతో ఆశ కలిగించేది. ఇక 2025 అక్టోబరు 14న గూగుల్ ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో విశాఖలో డేటా కేంద్రాన్ని, దానితో పాటు సముద్రగర్భ కేబుళ్లు ఒడ్డుకు చేరే ద్వారాన్ని నిర్మిస్తామని ప్రకటించింది. ఖండాల నుంచి వచ్చే తీగలు ఈ తీరాన్ని చేరడం గొప్ప సంగతే, అయినా ఇంటి మూలన ఉన్న ఓఎన్‌టీ దీపం ఎర్రబడిన రోజున ఆ గొప్పతనం ఆ ఇంటికి అందదు. చివరి కిలోమీటరు తీగకు, దాన్ని చూసుకునే స్థానిక పనివారికి కూడా అదే స్థాయి శ్రద్ధ దక్కాలని కోరడం అత్యాశ కాదు.

దీపాలన్నీ సవ్యంగా ఉండి, అందరికీ ఇంటర్నెట్ లేకపోతే బిల్లు గడువు చూడాలి. చాలా సంస్థలు గడువు దాటగానే వైఫైని కాక బయటి దారిని మాత్రమే మూసేస్తాయి. బిల్లు కూడా కట్టి ఉంటే రౌటర్‌ను ఒకసారి కరెంటు నుంచి తీసి, అర నిమిషం ఆగి పెట్టి, అది పూర్తిగా లేచేవరకు రెండు మూడు నిమిషాలు వేచి చూడాలి. ఇంతవరకు చేసినది నిరపాయకరం. ల్యాప్‌టాప్ విషయంలో అన్ని ప్రయత్నాలూ విఫలమైతే ఆ నెట్‌వర్క్‌ను 'మరచిపో' అని చెప్పి మళ్లీ కలపడం, వైఫై కార్డు డ్రైవర్‌ను, అంటే ఆ కార్డును నడిపే ప్రోగ్రాంను తిరిగి వేయడం, నెట్‌ష్ విన్‌సాక్ రీసెట్ అన్న ఆదేశం ఇచ్చి యంత్రాన్ని ఆపి తెరవడం మిగిలిన మార్గాలు. సెట్టింగులలో ఉన్న 'నెట్‌వర్క్ రీసెట్' వీటన్నిటినీ ఒకేసారి చేస్తుంది, దాచుకున్న వైఫై పాస్‌వర్డులను, వీపీఎన్ ఏర్పాట్లను కూడా తుడిచేస్తుంది. అందుకే దాన్ని చివరికే ఉంచుకోవాలి. మొదటే దాన్ని నొక్కితే లోపం పోయినా అది ఏమిటో తెలియకుండా పోతుంది, అదే లోపం తిరిగి వచ్చినప్పుడు వెతుకులాట మళ్లీ మొదటికొస్తుంది.

రౌటర్ వెనుక సూది దూరేంత రంధ్రం ఒకటి ఉంటుంది. దానిలో పిన్నుతో కొన్ని సెకన్లు నొక్కిపెడితే రౌటర్ కర్మాగారం నుంచి వచ్చిన నాటి స్థితికి వెళ్లిపోతుంది. పీపీపీఓఈ అన్న పద్ధతిలో కనెక్షన్ ఇచ్చే సంస్థల వినియోగదారులకు రౌటర్ లోపల ఒక వాడుకరి పేరు, పాస్‌వర్డ్ నమోదై ఉంటాయి. వైఫై పాస్‌వర్డ్ వేరు, ఇవి వేరు. ఆ రంధ్రం నొక్కగానే ఈ రెండూ చెరిగిపోతాయి. రౌటర్ మళ్లీ లేస్తుంది, వైఫై ప్రసారం చేస్తుంది, ల్యాప్‌టాప్ కలుస్తుంది, చిరునామా కూడా అందుతుంది, ఇంటర్నెట్ మాత్రం రాదు. కనెక్షన్ పెట్టిన రోజునే ఆ పేరును, పాస్‌వర్డ్‌ను, వ్లాన్ సంఖ్య ఏదైనా ఉంటే దాన్ని కూడా అడిగి, ఒక కాగితం మీద రాయించి రౌటర్ అడుగున అంటించి పెట్టుకోవడం మంచిది. సహాయ కేంద్రానికి ఫోన్ చేసేటప్పుడు 'నెట్ రావడం లేదు' అని కాక, మొబైల్ డేటా ఆపి ఫోన్‌లో కూడా చూశామనీ, గేట్‌వే పలుకుతోంది గానీ 8.8.8.8 పలకడం లేదనీ, పాన్ దీపం పచ్చగా ఉందో లాస్ దీపం ఎర్రగా ఉందో, ఎప్పటి నుంచి అలా ఉందో చెప్పగలిగితే, కొండ దాటి రావలసిన మనిషికి తన సంచిలో కొత్త రౌటర్ పెట్టుకోవాలా, ఫైబర్ అతికే యంత్రం పెట్టుకోవాలా అన్నది బయలుదేరకముందే తెలుస్తుంది.